దిష్టి కాదు, వైరస్సు



నాలుగో జ్వరం దాటి పురుగులు బాగా మేస్తా ఉండినాయి. పక్కింటక్క షెడ్డుకొచ్చి "ఎంత బాగుండాయో" అనింది. రెండు దినాలకి హాలుతొండె మొదలాయె. అందరమూ ఆ యమ్మ దిష్టే అనుకొన్నాము. ఆ మాట చెవిన పడి ఆమె మా గడప తొక్కడం మానేసింది.

తప్పు మాదే. హాలుతొండె వైరస్సుతో వచ్చే రోగం. అది ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోతుంది. పోయిన వెంటనే ఏమీ కనపడదు. కణుపులు ఉబ్బి, చర్మం మెరిసి, పాలు కారేదానికి సుమారు 5 నుంచి 7 దినాలు పడుతుంది. అంటే అక్క రాకముందే రోగం లోపల ఉండింది. ముందు పంట అయినాక షెడ్డు సరిగ్గా కడగలేదు మేము.

ఇంకో తప్పు కూడా చేసినాము. మనుషుల ఆంటీబయాటిక్ మాత్రలు నీళ్ళలో కలిపి ఆకుమీద చల్లినాము. ఆ మందు బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, వైరస్సును ఏమీ చెయ్యదు. దుడ్డు దండగ.

చెయ్యాల్సింది ఇది. 10 లీటర్ల నీళ్ళకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, 30 గ్రాముల చల్లార్చిన సున్నం కలపండి. జబ్బు పురుగును పగలకముందే ఏరి ఈ నీళ్ళలో వెయ్యండి. ఒక్క చుక్క పాలలో లక్షల వైరస్సు కణాలుంటాయి. కోళ్ళకి మాత్రం వెయ్యొద్దు. పంట అయినాక షెడ్డు, తట్టలు, చంద్రికలు ఇదే నీళ్ళతో బాగా తడపండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

మొన్న ఆ అక్క ఇంటికి పోయి, తప్పైపోయిందని చెప్పొచ్చినాము.