మైళ్ళు చెప్పని వయస్సు

అమెరికాలో పాత కారు కొనదలచినవారి దృష్టి మొట్టమొదట ఓడోమీటరు మీదనే నిలుస్తుంది. పదిహేనేళ్ళ కారు 30,000 మైళ్ళే తిరిగిందంటే, వృద్ధ దంపతులెవరో చర్చికీ అంగడికీ మాత్రమే నడిపారంటే, అది దొరకడమే అదృష్టమనుకుంటారు. కొత్తగా చదువుకు వచ్చిన విద్యార్థి కూడబెట్టినదంతా అటువంటి కారుకు చెల్లించి, ఆపైన మరమ్మతులకు అప్పు చేయవలసి రావడం కద్దు.

ఓడోమీటరు సూచించేది రాపిడిని మాత్రమే. బ్రేకు ప్యాడ్లు, క్లచ్చి, బేరింగులు తిరిగిన మైళ్ళను బట్టి అరుగుతాయి. రబ్బరు, ద్రవాలు, ఉక్కు మాత్రం కారు షెడ్డులో కదలకుండా ఉన్నా రసాయనిక చర్యకు లోనవుతూనే ఉంటాయి.

గాలిలో స్వల్పంగా ఉండే ఓజోను రబ్బరు అణువులలోని ద్విబంధాలను ఛేదిస్తుంది. ఆక్సిజన్ దానిని పెళుసుబారుస్తుంది. రక్షణకై టైర్లలో కలిపే మైనం, చక్రం తిరిగి రబ్బరు వంగుతూ ఉంటేనే బాగా పైకి ఊరి పొరగా ఏర్పడుతుంది. అందుచేత కదలని కారు టైర్ల మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా పక్కలు పగులుతాయి. (2000 తరువాత తయారైన టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం. అమ్మేవారు చెప్పని వయస్సును టైరు చెబుతుంది.)

బ్రేకు ద్రవం సాధారణంగా గ్లైకాల్ జాతికి చెందినది. రబ్బరు గొట్టాల గుండా కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డి.ఓ.టి.-3 రకం ద్రవం మరుగు స్థానం కొత్తలో కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు చేరితే అది 140కి దిగజారవచ్చు. కొండదారి దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే అటువంటి ద్రవం మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కనుక పెడలు నేలకంటుతుంది, కారు ఆగదు. ఈ ద్రవం మార్పించడానికయ్యే ఖర్చు స్వల్పం; అశ్రద్ధ చేస్తే లోపలి లోహభాగాలు తుప్పుపట్టి వాటినే మార్చవలసి వస్తుంది.

ఇక చర్చికీ అంగడికీ చేసిన ఆ చిన్న ప్రయాణాలు. ఒక గాలను పెట్రోలు మండితే దాదాపు ఒక గాలను నీరు పుడుతుంది. చాలావరకు పొగతోపాటే పోతుంది గాని, ఇంజను వేడెక్కకముందే ఆపేస్తే కొంత నూనెలోనూ సైలెన్సరులోనూ మిగిలిపోతుంది.

పలు ఇంజన్లలోని టైమింగ్ బెల్టు కూడా రబ్బరే. దానిని ఇన్ని మైళ్ళకు లేదా ఇన్నేళ్ళకు, ఏది ముందైతే అప్పుడు, మార్చాలని తయారీదారులు చెప్పడంలోని మర్మమిదే. అది తెగితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. ఆ మరమ్మతు పాత కారు విలువనే మించిపోవచ్చు.

కనుక హైవే మీద లక్ష మైళ్ళు తిరిగిన ఐదేళ్ళ కారు, వేళకు నూనె మార్చిన రసీదులుంటే, పైన చెప్పిన కారుకంటె పోషణకు చవక కావచ్చు. బెల్టు, బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారో కొనేముందే రసీదుతో సహా అడగాలి. మిషిగన్, ఒహాయో వంటి, శీతకాలంలో రోడ్లకు ఉప్పు చల్లే రాష్ట్రాల కారైతే మెకానిక్కు చేత లిఫ్టు మీదికి ఎత్తించి, అడుగున ఫ్రేము, బ్రేకు గొట్టాలు తుప్పుపట్టాయేమో చూపించుకోవాలి.