ఏకఫలక కంప్యూటరు - పునర్నిర్మాణము

గుంటూరు, బాపట్ల, ఒంగోలు ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలలో ఎలక్ట్రానిక్సు చదివినవారికి 8085 కిట్టు పరిచితమే. దానికి తెర లేదు. పలకపై కొన్ని మీటలును, అంకెలు వెలుగు గళ్ళును మాత్రమే యుండును. ఈ జాతి యంత్రములలో తొలినాళ్ళ ప్రసిద్ధి 1976లో అమెరికాలో మాస్ టెక్నాలజీ సంస్థ వెలువరించిన కిమ్-1కు దక్కినది. 6502 ప్రాసెసరు, 1 కిలోబైటు మెమరీ, 23 మీటలు, ఆరు అంకెల గళ్ళు - ఇదియే దాని సర్వస్వము. వ్రాసిన ప్రోగ్రామును సామాన్యమైన టేపు రికార్డరులో ధ్వనిగా దాచుకొనవచ్చును!

నేడు ఔత్సాహికులు దీనిని మరల నిర్మించుచున్నారు. అందొక పద్ధతి, ఒకే పలకకు మారుగా విద్యుత్తునకు, ప్రాసెసరునకు, మెమరీకి, మీటలకు వేర్వేరు పలకలు చేసి, ఉమ్మడి తీగల వరుసతో కలుపుట. జిన్నింగు మిల్లులో రోలరు అరిగినచో రోలరునే మార్తురు గాని మిల్లును మార్చరు గదా! ఇదియు నట్టిదే. మొదట విద్యుత్తు పలకను ఒంటరిగా పరీక్షించి, 5 వోల్టులు సరిగా వచ్చుచున్నవని నిశ్చయించుకొనిన పిదపనే తక్కినవి ఒక్కొక్కటిగా జతపరుపవలెను. అపుడు దోషమెక్కడనున్నదో వెంటనే తెలియును.

చిక్కంతయు 6530 అను చిప్పుతోనే వచ్చును. కిమ్-1లో ఇట్టివి రెండు కలవు. యంత్రమును మేల్కొలిపి, మీటలను చదివి, అంకెలను వెలిగించు ఆదేశములు వీనియందు కర్మాగారముననే శాశ్వతముగా ముద్రింపబడినవి. ఆ చిప్పుల తయారీ ఏనాడో నిలిచిపోయినది. కావున దానికి దగ్గర బంధువైన 6532ను అమర్చి, అందు లేని ఆదేశములను వేరొక ఈప్రామ్ చిప్పులో వ్రాయుదురు.

అయితే ఆ ఆదేశములెట్లు లభించినవి? తయారీదారులు యంత్రముతోపాటు ఇచ్చిన పుస్తకమున ఆ ప్రోగ్రామునంతటిని అచ్చొత్తించిరి. వలయ చిత్రమును సైతము దాచలేదు. దాచియుండినచో చిప్పుతోపాటు యంత్ర రహస్యమును అంతరించెడిది.

ఇందు మనకొక పాఠము కలదు. ఇంటి రేడియో కానిండు, పొలము మోటారు కానిండు, దానితో వచ్చిన వలయ చిత్రమును పారవేయకుడు. యంత్రము పాతబడును, దానిని వివరించు కాగితము మరియొక తరమునకు విద్య యగును.