మట్టి పొరే చిరునామా
వేసవి సెలవుల్లో జనక్‌పురి నుంచి ఆంధ్రప్రదేశ్ వెళ్లినప్పుడు బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహల గురించి తెలుసుకుందాం. ఇవి సున్నపురాతి గుహలు. గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీరు ఈ రాతిని మెల్లగా కరిగించి దారులు తొలుస్తుంది.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. నేడు దక్షిణ భారత అడవుల్లో ఆ జంతువే లేదు! కొన్ని ఎముకలను ఆదిమానవుల పనిముట్లుగా ఫుట్ గుర్తించారు.

ఎముక ఏ కాలానిదో తెలియాలంటే అది ఏ మట్టి పొరలో ఉందో తెలియాలి. ఆ పొరే దాని చిరునామా. ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంటే ఆ చిరునామా పోతుంది. తరచు ఊళ్లు మారే మనకు చిరునామా విలువ తెలుసు కదా! అందుకే గుహలో చూద్దాం, రాసుకుందాం. దేన్నీ కదపకుండా వద్దాం.