కంప్యూటర్లకూ కావాలి అడంగల్

రేషన్ దుకాణంలోనో, బ్యాంకులోనో, మీసేవ కేంద్రంలోనో ‘సర్వర్ డౌన్’ అన్న మాట వినని గ్రామస్థుడు నేడు లేడంటే అతిశయోక్తి కాదు. ఖాళీ సంచితో వెళ్లినవాడు ఖాళీ సంచితోనే తిరిగి వస్తున్నాడు. యంత్రం చెడిపోవడం ఒక సంగతి. చెడిపోయింది ఏ యంత్రమో, దానివల్ల ఏయే పనులు నిలిచాయో, బాగుచేయవలసినవారు ఎవరో తెలియక పూట గడిచిపోవడం మరో సంగతి. ఈ రెండో జబ్బుకు మందు ఖరీదైన పరికరం కాదు, సక్రమంగా రాసిన ఒక రిజిస్టరు.

కంప్యూటర్ పరిభాషలో దీన్ని కాన్ఫిగరేషన్ డేటాబేస్ అంటారు. 1980 దశకం చివరలో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి ఐటీఐఎల్ పేరుతో వెలువరించిన మార్గదర్శకాల ద్వారా ఈ పద్ధతి దేశదేశాలకు పాకింది. పేరు కొత్తదే గాని పద్ధతి రైతుకు కొత్త కాదు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు, నీటి ఆధారం ఏమిటి అన్నవన్నీ రాసి ఉంచే అడంగల్ లాంటిదే ఇదీను. తెలంగాణ రైతుకు పహాణీ అంటే సులువుగా తెలుస్తుంది.

ఉత్త జాబితాకూ దీనికీ తేడా ఉంది. చెరువు కింద వంద ఎకరాల ఆయకట్టు ఉందని రాసుకుంటే చాలదు. ఏ తూము మూసుకుపోతే ఎవరి పొలం ఎండుతుందో తెలియాలి. అలాగే ఏ కంప్యూటర్ ఆగితే ఏ పని ఆగుతుందో చెప్పగలిగినదే అసలైన రిజిస్టరు.

లెక్క తప్పితే ముప్పే

అమెరికాలో ప్రజల అప్పుల చరిత్రను భద్రపరిచే ఈక్విఫాక్స్ సంస్థకు 2017లో జరిగిన నష్టం ఇందుకు నిదర్శనం. ఆ సంస్థ వాడుతున్న ఒక ప్రోగ్రాములో లోపం ఉన్నట్టు ఆ ఏడాది మార్చిలో లోకానికంతటికీ తెలిసింది. వెంటనే సరిచేయాలని సిబ్బందికి ఉత్తరువు వెళ్లింది. కాని ఆ ఉత్తరువు అందుకోవలసినవారి పేర్ల జాబితా పాతబడిపోవడంతో, సరిచేయవలసినవారికే అది చేరలేదు. లోపాన్ని వెతికేందుకు పెట్టిన యంత్ర పరికరానికీ అది దొరకలేదు. మే నెలలో దొంగలు చొరబడ్డారు. జూలై చివర వరకు ఎవరూ పసిగట్టలేదు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పరులపాలయ్యాయి. తన వద్ద ఉన్న కంప్యూటర్ వ్యవస్థల పూర్తి జాబితా ఆ సంస్థకే లేదని 2018 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభ సంఘం నివేదిక తేల్చింది. పరికరం ఉన్నా లెక్క లేకపోతే ఫలితం ఇంతేనన్నది గమనార్హం.

అజమాయిషీ తప్పదు

పెద్ద సంస్థల్లో నెట్‌వర్క్ అంతా తిరిగి ఏయే యంత్రాలున్నాయో తనంతట తానే కనిపెట్టే పరికరాలు ఉంటాయి. చిన్న ఆసుపత్రి, కళాశాల, సహకార సంఘం అంతటి ఖర్చును భరించలేవు. విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల మరో చిక్కు ఉంది. అలాంటి పరికరం తాకిడికి అక్కడి పాత నియంత్రణ యంత్రాలు ఆగిపోయే ప్రమాదం లేకపోలేదు. ఇలాంటి చోట్ల కాళ్లకు పని చెప్పవలసిందే.

అయితే మొదటే గదులన్నీ తిరగడం మొదలుపెడితే శ్రమ వృథా. ముందు పనిని ఎంచుకోవాలి. ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే పని ఉందనుకుందాం. అది ఏ ప్రోగ్రాముతో నడుస్తోంది, ఆ ప్రోగ్రాము ఏ కంప్యూటర్‌లో ఉంది, దానికి నెట్ ఏ పెట్టె నుంచి వస్తోంది, కరెంటు పోతే ఏ బ్యాటరీ ఆదుకుంటుంది అని కాలువ వెంట చెరువు దాకా నడిచినట్టు వెనక్కి వెళ్లాలి. అలా ముఖ్యమైన అయిదారు పనులు పూర్తయితే సంస్థకు ప్రాణాధారమైన యంత్రాలన్నీ లెక్కకు వస్తాయి. ప్రతి మౌస్‌నూ, ప్రతి కీబోర్డునూ రాయబోతే రిజిస్టరు నిండుతుందే గాని ఉపయోగం ఉండదు.

తరువాత కాగితాలు. కొనుగోలు బిల్లులు, స్టాకు రిజిస్టరు, మరమ్మతు ఒప్పందాలు, నెట్ పెట్టె తనలో దాచుకునే చిరునామాల జాబితా — వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే సగం లెక్క అక్కడే దొరుకుతుంది.

ఆ మీదట అజమాయిషీ. ఇద్దరు కలిసి వెళ్లాలి. ఒకరు యంత్రం వెనక ఉన్న నంబరు చదవాలి, మరొకరు రాయాలి. ప్రతి యంత్రానికి చీటీ అంటించాలి. అది ఎక్కడుంది, దేనికి కలిసి ఉంది, బాధ్యులు ఎవరు, ఏ తేదీన కళ్లతో చూశారు అన్నవి తప్పక ఉండాలి. బాధ్యుడెవరో పరికరం చెప్పలేదు. మనిషిని అడిగితేనే తెలుస్తుంది. చేతి లెక్కకున్న బలం ఇదే.

1990 దశకం చివరలో, సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్న పాత ప్రోగ్రాములను సరిచేసే వైటూకే పనికి తెలుగు యువకులు ఎందరో అమెరికా వెళ్లిన సంగతి విదితమే. ఆ పనిలోనూ తొలిమెట్టు ఏ సంస్థలో ఏయే ప్రోగ్రాములున్నాయో లెక్క తీయడమే.

జమాబందీ జరగాలి

రాయడం కన్నా నిలబెట్టడం కష్టం. సాగులో ఒకరు, అడంగల్‌లో మరొకరు ఉంటే రైతు పడే అగచాట్లు అందరికీ తెలిసినవే. యంత్రం మారినా, గది మారినా, మనిషి మారినా ఆనాడే రిజిస్టరులో పడాలి. దిద్దే బాధ్యత ఒక్కరిదే కావాలి, చూసే హక్కు అందరికీ ఉండాలి. నెలకొకసారి రిజిస్టరులోంచి పది పేర్లు తీసి యంత్రాలను చూడాలి. మరో పది యంత్రాలను చూసి రిజిస్టరులో వెతకాలి. రెండు వైపులా సరిపోతేనే లెక్క సరి.

1984లో పదవులు రద్దయ్యేవరకు ఆంధ్రప్రదేశ్‌లో ఊరి లెక్కలన్నీ కరణాల దస్తరంలోనే ఉండేవి. అదే రీతిలో నేడు చాలా కార్యాలయాల్లో కంప్యూటర్ల గుట్టంతా ఒకే ఉద్యోగి బుర్రలో ఉంటోంది. ఆయన బదిలీ అయితే మిగిలినవారికి దిక్కుతోచదు.

చేతి లెక్కకు హద్దులు లేకపోలేదు. అద్దె సర్వర్లు నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోతాయి, వాటి వెంట మనిషి పరుగెత్తలేడు. ఒక ప్రోగ్రాము కడుపులో దాగిన మరో ప్రోగ్రాము కంటికి కనబడదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే చిన్న ప్రోగ్రాములో లోపం బయటపడినప్పుడు, అది తమ వద్ద ఎక్కడెక్కడ ఉందో తెలియక పెద్ద పెద్ద సంస్థలే తలలు పట్టుకున్నాయి. అక్కడ పరికరాల సాయం తప్పదు.

అయినా పరికరం కొనే డబ్బు వచ్చేదాకా లెక్క ఆపనక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఇద్దరు మనుషులు, నెలకొక పూట తనిఖీ ఉంటే చాలు. యంత్రం ఆగిన రోజున ఎవరిని పిలవాలో వెంటనే తెలిస్తే, సంచి పట్టుకుని వరుసలో నిలబడ్డవారికి ఆ పూట వృథా కాదు.