బీడు పగిలితే తొందరపడొద్దు

పోయిన శెనక్కాయల కాలంలో మా వీధి పిల్లోడొకడు తెల్లారకముందే వచ్చి తలుపు కొట్టినాడు. అప్పు చేసి శెనక్కాయలు ఒలిచే మిషను కొన్నాడు. పావగడ చుట్టుపక్కల ఊర్లకు బాడుగకు తిప్పుతాడు. అందులో బేరింగును పట్టుకునే బ్రాకెట్టు చీలింది. ముందురోజు వెల్డింగు చేయించినాడు. రాత్రి మిషను ఆడించగానే అతుకు పక్కనే మళ్లీ చీలింది.

"మామా, అతుకు బాగానే ఉంది, పక్కన ఎందుకు పగిలిపాయ? పాత మాడలు, కొత్తది దొరకదు. వారంలో కంతు కట్టాల" అన్నాడు. కండ్లలో నీళ్లు.

నేను చదివింది నాలుగో తరగతి. బెంగళూరు మిల్లులో మగ్గాల షెడ్డులో ఫిట్టరుకు హెల్పరుగా చేరి ఈ పని నేర్చుకున్నాను. మగ్గం ఫ్రేములు, పళ్ల చక్రాలు ఎక్కువగా బీడువే. పుస్తకాల్లో పోత ఇనుము అని రాస్తారు. మన అంగళ్లలో తెలుగోళ్లూ కన్నడోళ్లూ బీడు అనే అంటారు.

కడ్డీలు, రేకులు చేసే ఇనుములో బొగ్గు పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. బీడులో 2 నుంచి 4 పాళ్లు ఉంటుంది. అందుకే అది బరువు మోస్తుంది గాని వంగదు. వెల్డింగు పెట్టినచోట కాలి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. పక్కనున్న చల్లటి బీడు సాగదు. పైగా అతుకు అంచు గాజు మాదిరి గట్టిపడుతుంది. అక్కడే చీలుతుంది. తొందరగా ఆరాలని నీళ్లు పోస్తే ఇంకా చెడుతుంది.

బ్రాకెట్టు విప్పించి, పిల్లోణ్ణి వెంటబెట్టుకుని వేరే వెల్డింగు అంగడికి పోయినాను. పాత అతుకంతా గ్రైండరుతో తీయించినాను. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రుద్దినాం. చీలిక ఎంతదాకా పోయిందో తడి గీత మాదిరి కనపడింది. ఆ గీత కొసలో చిన్న రంధ్రం వేయించినాను. లేకపోతే చీలిక ముందుకు పాకుతుంది. చీలిక వెంబడి కాలువ తీసినాం. కిరసనాయిలు పూర్తిగా ఆరినాక మెల్లగా వేడి చేసినాం. ఏండ్ల తరబడి బీడు తాగిన నూనె పొగై బయటికొచ్చింది. ఆ నూనె ఉంటే అతుకు పట్టదు.

తర్వాత నికెలు రాడ్డు. ధర ఎక్కువే. ఒక్కో అంగుళం వేయడం, వేడి మీదనే చిన్న సుత్తితో మెల్లగా కొట్టడం, చెయ్యి పెట్టి ఓర్చుకునేంత చల్లారినాక ఇంకోచోట వేయడం. మధ్యాన్నమంతా అదే పని. చివరికి ఎండిన బూడిదలో పూడ్చి, మరునాడు తీసినాం.

అప్పుడు పిల్లోడు ఇంజను చక్రం చూపించినాడు. దాని ఆకు దగ్గర కూడా సన్నటి చీలిక. "దీనికీ అదే రాడ్డు వేయిద్దాం మామా" అన్నాడు. వద్దన్నాను. అలిగినాడు. మిల్లులో అతుకేసిన చక్రం ఒకటి తిరుగుతా తిరుగుతా పగిలి, ముక్క తగిలి నా పక్కన పనిచేసే మనిషి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ రోజు గుడ్డకట్టు కట్టింది నేనే. జోరుగా తిరిగే చక్రానికి అతుకు వద్దు, మార్చాల్సిందే. అదంతా చెప్పినాక హిందూపురం పోయి, పాత ఇనుము అంగళ్లలో వెతికి సరిపోయే చక్రం తెచ్చినాడు. ఇంకో రెండు రోజుల బాడుగ పోయింది. కంతుకు నాలుగు రోజులు గడువు అడుక్కున్నాడు.

మీ ఇంట్లో మగ్గమో, పిండిమిషనో, ఇంజనో ఉంటే, వెల్డింగుకు ఇచ్చే ముందు అడగండి: ఏ రాడ్డు వేస్తారు? నూనె కాల్చి తీస్తారా? ఎట్లా ఆరబెడతారు? సరైన జవాబు రాకపోతే సామాను వెనక్కి తీసుకోండి.

ఆ బ్రాకెట్టు సీజనంతా నిలబడింది. కంతు కట్టేసినాడు. ఇప్పటికీ వారానికొకసారి సుద్ద రుద్ది చూస్తాడు, నేను అడగకపోయినా.