ఆరు వాట్ల కాపలాదారు

మస్కట్‌లోని రూవీలోనో గుబ్రాలోనో ఒక చిన్న ఆఫీసు అనుకోండి. గిగాబిట్ ఫైబర్ లైన్ పెట్టించుకున్నారు. గోడకున్న ఫైబర్ పెట్టెకు ల్యాప్‌టాప్ నేరుగా తగిలిస్తే తొమ్మిది వందల మెగాబిట్లు దాటుతోంది. మధ్యలో ఫైర్‌వాల్ పెట్టగానే ఐదు వందల దగ్గర ఆగిపోతోంది. ఫైర్‌వాల్ తెర తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం పాతిక శాతమే. ముప్పావు వంతు ఖాళీగా ఉన్న యంత్రం సగం వేగం దగ్గర ఎందుకు చతికిలబడింది? ఈ ప్రశ్న చాలామంది నెట్‌వర్క్ పనివాళ్లను వేధించింది. జవాబు కావాలంటే ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాల్లోకి వెళ్లాలి.

స్విట్జర్లాండ్‌కు చెందిన మాన్యుయెల్ కాస్పర్ 2003 ఫిబ్రవరిలో మోనోవాల్ అనే ఉచిత ఫైర్‌వాల్‌ను లోకానికి విడుదల చేశాడు. ఫ్రీబీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను కుదించి, వెబ్ పేజీలోంచి నడుపుకొనేలా తీర్చిదిద్దాడు. అది నడిచింది సోక్రిస్ సంస్థ తయారుచేసిన నెట్4501 అనే బుల్లి బోర్డు మీద. అందులోది 133 మెగాహెర్ట్జ్ చిప్, 486 తరానిది. ఫ్యాన్ లేదు, హార్డ్ డిస్క్ లేదు. దాని గుండా సెకనుకు 17 మెగాబిట్ల దాకా డేటా నడిచేది. నవ్వొచ్చే అంకె కాదది. ఒమన్‌లో సామాన్య జనానికి ఇంటర్నెట్ అందిందే 1997లో, అదీ టెలిఫోన్ తీగ మీద డయలప్‌గా. ఆ రోజుల లెక్కన 17 మెగాబిట్లు వాడుకోలేనంత ఎక్కువ.

మోనోవాల్ నుంచి 2004లో పీఎఫ్‌సెన్స్ అనే మరో ఫైర్‌వాల్ చీలింది. దాన్నుంచి 2015లో ఓపీఎన్‌సెన్స్ పుట్టింది. అదే ఏడాది కాస్పర్ మోనోవాల్‌ను ముగించి, తన వినియోగదారులకు ఓపీఎన్‌సెన్స్ దారి చూపించాడు. బోర్డుల వైపు స్విట్జర్లాండ్‌లోనే పాస్కల్ డోర్నియర్ నడిపిన పీసీ ఇంజిన్స్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. రాప్, ఆలిక్స్, ఏపీయూ, చివరికి ఏపీయూ2. మన ఆఫీసు పెట్టెలోనిదీ, ఈ కథలో నాయకుడూ ఈ చివరిదే.

ఏపీయూ2లో ఏఎండీ జీఎక్స్-412టీసీ అనే చిప్ ఉంది. నాలుగు కోర్లు, ఒక్కోటి 1 గిగాహెర్ట్జ్, మొత్తం చిప్‌కు 6 వాట్ల పరిమితి. రెండు లేక నాలుగు గిగాబైట్ల మెమరీ, మూడు ఇంటెల్ గిగాబిట్ పోర్టులు. ఫ్యాన్ ఉండదు. చిప్ వేడిని ఒక అల్యూమినియం పలక అందుకొని డబ్బా అడుగు రేకుకు అప్పగిస్తుంది. డబ్బాయే రేడియేటర్ అన్నమాట. తిరిగే భాగం ఒక్కటీ లేదు కాబట్టి అరిగేదీ లేదు. ఇంత నిజాయితీగా తయారైన వస్తువులు కంప్యూటర్ల లోకంలో తక్కువని నా నమ్మకం.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఈథర్నెట్‌లో 1,500 బైట్ల ప్యాకెట్ ఒకటి, ముందూ వెనకా ఉండే తొడుగులూ విరామమూ కలుపుకొని, తీగ మీద 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. గిగాబిట్ లైన్ నిండుగా నడిస్తే సెకనుకు దాదాపు 81,000 ప్యాకెట్లు వస్తాయి. 1 గిగాహెర్ట్జ్ కోర్ చేతిలో ఒక్కో ప్యాకెట్‌కు ఉండే గడువు సుమారు 12,300 గడియారపు టిక్కులు. ఆ గడువులోనే ప్యాకెట్‌ను అందుకోవాలి, ఎవరిదో గుర్తుపట్టాలి, నియమాలతో సరిచూడాలి, చిరునామా మార్చాలి, అవతలి పోర్టులోంచి పంపాలి. అన్నీ అతి చిన్న ప్యాకెట్లే అయితే సెకనుకు 14.88 లక్షలు వస్తాయి. అప్పుడు గడువు 672 టిక్కులకు పడిపోతుంది. అంటే బరువు మెగాబిట్లది కాదు, ప్యాకెట్లది. వాయిస్ కాల్స్ మోసే లైన్‌కూ సినిమాలు దింపుకొనే లైన్‌కూ ఒకే పెట్టె వేర్వేరు వేగాలు చూపడానికి కారణమిదే.

నాలుగు కోర్లున్నాయి కదా, పంచుకోవచ్చుగా అనిపిస్తుంది. పంచుకుంటాయి, కానీ కనెక్షన్ల వారీగా. ఒక కనెక్షన్‌కు చెందిన ప్యాకెట్లు వచ్చిన వరుసలోనే వెళ్లాలి. వరుస తప్పితే అవతలి కంప్యూటర్ ఏదో పోయిందనుకొని మళ్లీ పంపమంటుంది, పంపే కంప్యూటర్ వేగం తగ్గించుకుంటుంది. అందుకని నెట్‌వర్క్ చిప్ ప్రతి ప్యాకెట్‌లోని చిరునామాలను, పోర్టు నంబర్లను కలిపి ఒక లెక్క వేసి, ఒక కనెక్షన్‌ను ఎప్పుడూ ఒకే క్యూలోకి, ఆ క్యూను ఒకే కోర్‌కు పంపుతుంది. చీరాలలో ఒక ఇంట నాలుగు మగ్గాలున్నా ఒక చీర ఒక మగ్గం మీదే నేయాలి. మిగతా మూడు మగ్గాలు ఎంత ఖాళీగా ఉన్నా ఆ చీర ముందుగా దిగదు. తెర మీద కనిపించిన పాతిక శాతానికి అర్థం ఇదే: ఒక కోర్ నూటికి నూరు, మూడు సున్నా. సగటు మనల్ని మభ్యపెట్టింది. ఇదే బోర్డు మీద లినక్స్ వేస్తే ఒకే కనెక్షన్ గిగాబిట్‌కు దగ్గరగా వెళ్లేది. ఫ్రీబీఎస్‌డీ ఆధారిత ఫైర్‌వాల్‌లో అందులో దాదాపు సగం దగ్గర నిలిచేది. లోహం ఒకటే, దాని మీద ప్యాకెట్ నడిచే దారి వేరు.

కాబట్టి పరీక్ష కూడా జాగ్రత్తగా చేయాలి. వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌ను ఫైర్‌వాల్ మీదే నడపకూడదు. అలా చేస్తే డేటా పుట్టించే భారం కూడా దాని నెత్తినే పడుతుంది. ఇటొక కంప్యూటర్, అటొక కంప్యూటర్ పెట్టి మధ్యలోంచి కొలవాలి. మొదట ఒకే కనెక్షన్, తర్వాత నాలుగో ఎనిమిదో కలిపి. కనెక్షన్లు పెంచగానే వేగం ఎగబాకితే ఇబ్బంది ఒక్క కోర్‌ది. అప్పుడే టాప్ ఆదేశంతో కోర్ల వారీగా, థ్రెడ్ల వారీగా చూస్తే దొంగ దొరుకుతాడు. వేగం 94 మెగాబిట్ల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిందా, ప్రాసెసర్ జోలికే పోవద్దు, కేబుల్ మార్చండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగితే లింకు 100 మెగాబిట్లకు దిగిపోవచ్చు.

దూరం కూడా ఒక మాయ చేస్తుంది. ఒమన్ తీరాన్ని తాకే ఏఏఈ-1 సముద్రగర్భ కేబుల్, 25,000 కిలోమీటర్లది, 2017 నుంచి ఆసియాను ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌తో కలుపుతోంది. యూరప్‌లోని సర్వర్‌కు ప్యాకెట్ వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. జవాబు అందేలోపు 64 కిలోబైట్లే పంపగల పాత తరహా కనెక్షన్ సెకనుకు సుమారు 5 మెగాబిట్లకు మించి వెళ్లలేదు. ఆ లోపాన్ని ఫైర్‌వాల్ నియమాల్లో వెతికితే ఎన్నటికీ దొరకదు.

ఇంటర్నెట్ కంపెనీకి లాగిన్ అవడానికి పీపీపీఓఈ అనే పద్ధతి వాడే లైన్ల సంగతి మరీ చిక్కు. 1999లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ అదనంగా 8 బైట్ల తొడుగు ఉంటుంది. ఆ తొడుగు వల్ల నెట్‌వర్క్ చిప్‌కు లోపలి చిరునామా కనబడదు. కనెక్షన్లు వందున్నా లోపలికొచ్చే ప్యాకెట్లన్నీ ఒకే క్యూలో, ఒకే కోర్ మీద పడతాయి. ఫ్రీబీఎస్‌డీలో నెట్.ఐఎస్‌ఆర్.డిస్పాచ్ అనే అమరికను డిఫర్డ్‌గా మారిస్తే, ఆ కోర్ పనంతా తానే పూర్తిచేయకుండా మిగతావాటికి పంచుతుంది. ఎందరో ఈ ఒక్క మార్పుతో ఊపిరి పీల్చుకున్నారు.

ఇక ఎండ. 2018 జూన్ 26న మస్కట్‌కు ఆగ్నేయాన తీరంలో ఉన్న కురియాత్‌లో రోజంతటిలో అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు. రాత్రి కూడా అంతకన్నా కిందికి దిగలేదు. ఫ్యాన్ లేని డబ్బా చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడలేదు. గది 25 డిగ్రీల నుంచి 45కు వెళ్తే చిప్ కూడా మరో ఇరవై డిగ్రీలు పైకి జరుగుతుంది. శుక్ర, శనివారాల సెలవుకు ఏసీ ఆపి తాళం వేసిన గదిలో, తలుపు మూసిన బీరువాలో, కింద ఇంకో వేడి పెట్టె ఉండగా దీని పరిస్థితి ఊహించండి. వేడి హద్దు దగ్గరైతే చిప్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వేగం పగలొకటి రాత్రొకటి అయితే ముందు ఉష్ణోగ్రత అంకె చూడాలి. అడుగు రేకు కింద గాలి ఆడనివ్వాలి. లోపలి అల్యూమినియం పలక, దాని మెత్తలు చిప్‌కు సరిగ్గా అతుక్కున్నాయో లేదో సరిచూడాలి. ఒమన్‌లో ఇది పైపై జాగ్రత్త కాదు, సగం మరమ్మతు.

2019లో ఏపీయూ2కు ఒక మేలు జరిగింది. దాని ఫర్మ్‌వేర్ కోర్‌బూట్ కూడా ఓపెన్ సోర్సే. పోలండ్‌కు చెందిన 3ఎండెబ్ బృందం దాన్ని నిర్వహించేది. ఆ ఏడాది వచ్చిన కొత్త రూపంలో చిప్‌లో నిద్రాణంగా ఉన్న బూస్ట్ శక్తిని మేల్కొలిపారు. మిగతా కోర్లు ఖాళీగా ఉన్నప్పుడు పనిచేసే కోర్ 1.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లసాగింది. ఒక్క కోర్ మీద నలిగిపోతున్న పెట్టెకు సరిగ్గా కావలసిన మందు అదే. కొన్ననాటి కన్నా వయసు మీరాక వేగం పెరగడం మూసివేసిన ఫర్మ్‌వేర్ పెట్టెల్లో అరుదు. లోపలి రాత అందరికీ తెరిచి ఉండబట్టే ఇది సాధ్యమైంది.

2023లో పీసీ ఇంజిన్స్ ఈ బోర్డుల శకం ముగిసిందని ప్రకటించింది. వాటి చోటులోకి ఇంటెల్ ఎన్100 వంటి చిప్‌లున్న, ఫ్యాన్ లేని పెట్టెలు వచ్చాయి. అవీ 6 వాట్ల తరగతివే, కానీ కోర్ 3.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. పోర్టులు 2.5 గిగాబిట్లవి. అవి నిండితే ప్యాకెట్లు సెకనుకు రెండు లక్షలు దాటుతాయి. ఒక కనెక్షన్‌కు ఒక కోర్ అన్న కట్టుబాటు వాటికీ ఉంది. 2025 మే నెలలో విడుదలైన పీఎఫ్‌సెన్స్ 2.8లో పీపీపీఓఈ కోసం కొత్త డ్రైవర్‌ను కెర్నల్‌లోనే పెట్టారు, పాత పద్ధతిలో ప్యాకెట్లు తిరిగే చుట్టుదారి తగ్గింది. ముగింపు ప్రకటన వచ్చిన రెండేళ్ల తర్వాత కూడా బీరువాల్లో నడుస్తున్న ఏపీయూ2లు ఆ అప్‌డేట్‌ను వేసుకోగలవు.