యోనా పందిరి, మా పందిరి

యోనా గ్రంథము నాలుగవ అధ్యాయము చదివినప్పుడు మనమందరము సొరచెట్టును గూర్చి, దానిని తొలిచిన పురుగును గూర్చి మాట్లాడుకుంటాము. దానికి ముందున్న ఒక చిన్న సంగతిని మాత్రము దాటి వెళ్లిపోతాము. నీనెవె పట్టణమునకు తూర్పున యోనా తన చేతులతో ఒక పందిరి వేసుకున్నాడు. దాని నీడన కూర్చుని, పట్టణమునకు ఏమి జరుగుతుందో అని చూస్తున్నాడు. దేవుడు సొరచెట్టును మొలిపించక ముందే ప్రవక్త తన నీడ తాను చూసుకున్నాడన్నమాట.

మేము కూడా మా ఇంటి వెనుక పందిరి వేశాము. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిది యోనా పందిరి వంటిదే. రెండవది దేవుడు మాకు నేర్పి వేయించినది. మన కుటుంబములకు ఉపయోగపడునని ఆ అనుభవము వ్రాస్తున్నాము.

మాటలు కరువైన ఇల్లు

మేము విశాఖపట్నము దగ్గర ఒక సంఘములో పరిచర్య చేస్తున్నాము. 2012 నాటికి మా వివాహమై ఆరేళ్లు. ఆదివారము ఆరాధన, బుధవారము ఉపవాస ప్రార్థన, శుక్రవారము స్త్రీల కూడిక, మిగిలిన సాయంత్రములు గృహ ప్రార్థనలు. రోగుల పరామర్శ, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమములు సరేసరి. సేవ బాగా జరుగుచున్నదని సంతోషించేవారము. మా ఇద్దరి మధ్య మాటలు మాత్రము కరెంటు బిల్లు, పిల్లవాడి ఫీజు, రేపటి కూడిక ఎవరింట్లో అనే మూడింటికే తగ్గిపోయాయి.

ఒక రాత్రి భార్యాభర్తల ఐక్యతను గూర్చి ఒక ఇంట్లో వాక్యము చెప్పి, పది గంటలకు ఇల్లు చేరాము. మా శ్రీమతి కంచము ముందు పెట్టి, కోపము లేకుండా, మెల్లగా ఒక మాట అన్నది: "ఏమండీ, మన సంఘములో ఎవరింట్లో ఏ కూర వండారో మీకు తెలుసు. మనింట్లో ఈ రోజు ఏమి వండానో రేపు అడిగితే చెప్పగలరా?"

జవాబు చెప్పలేకపోయాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంఘములో ఎవరైనా అలా అంటే మూడు వాక్యములు చూపించి సమాధానపరచేవారము. మన ఇంట్లో అంటే ఏమి చూపిస్తాము?

ఆ వారములోనే నర్సుగా పనిచేసే ఒక సహోదరి మా ఇంటికి ఒక పూలకుండీ తెచ్చి ఇచ్చింది. ఆకులు గులాబి రేకుల్లా చుట్టూ పరచుకొని, నడుమ ఎర్రని పూమొవ్వ నిలిచి ఉన్నది. "దీని పేరు బ్రొమీలియాడ్, అమ్మగారూ. నీళ్లు మట్టిలో కాదు, నడినెత్తిన పోయాలి" అని చెప్పి వెళ్లింది.

అనాసకు చుట్టము

ఈ మొక్క మనకు కొత్తగాని, దీని చుట్టము కొత్తది కాదు. సింహాచలం కొండల మీద పండే అనాస ఈ కుటుంబములోనిదే. అనాసను 1493లో కొలంబస్ గ్వాడలూప్ దీవిలో చూశాడు. తరువాత పోర్చుగీసువారి ఓడలలో అది మన దేశమునకు వచ్చింది. ఈ కుటుంబములో మూడు వేలకు పైగా జాతులున్నాయి. ఒక్క జాతి మాత్రము పశ్చిమ ఆఫ్రికాలో పెరుగుతుంది. మిగిలినవన్నీ అమెరికా ఖండములవే. స్వీడన్ దేశపు వైద్యుడు ఓలోఫ్ బ్రొమెల్ జ్ఞాపకార్థము ఈ పేరు పెట్టినవాడు షార్ల్ ప్లూమియే. ఆయన ఫ్రాన్సు దేశపు సన్యాసి, వృక్షశాస్త్రము తెలిసినవాడు.

వీటిలో చాలా జాతులు అడవిలో చెట్ల కొమ్మల మీద కూర్చుని బ్రతుకుతాయి. అయితే బదనిక వలె చెట్టు రసము పీల్చవు. వేళ్లు పట్టుకోవడానికే. ఆకుల నడుమ గిన్నె వంటి గుంట ఉంటుంది. వాన నీరు అందులో నిలుస్తుంది. రాలిన ఆకులు ఆ నీటిలో కుళ్లి ఆహారమవుతాయి. పైనుండి దిగే దానితో బ్రతుకుతూ, ఆనుకున్న చెట్టుకు హాని చేయని మొక్క! ప్రసంగములో చెప్పుకోవడానికి ఎంత బాగుందో అనుకున్నాము. కానీ ఆ మొక్క మాకు నేర్పవలసినది ఇంకా ఉన్నది.

మూడు నెలలకు పూమొవ్వ ఎండిపోయింది. ఆకులు వాడసాగాయి. మా చేతుల్లో చచ్చిపోయిందనుకొని పెరికి దిబ్బలో పడవేయబోతుంటే మా శ్రీమతి ఆపింది. మొదట్లో, ఆకుల సందున, రెండు చిన్న మొలకలు. "ఇది చావడం లేదండీ, కాన్పయింది" అన్నది.

అరటి వలెనే బ్రొమీలియాడ్ ఒక్కసారే పూస్తుంది. పూచిన తరువాత తల్లి మెల్లగా క్షీణిస్తూ, తన బలమంతా పిలకలకు ఇస్తుంది. పిలక తల్లిలో సగమంత ఎదిగిన తరువాతనే వేరు చేయాలి. ఆ రెండు పిలకలను వేరు చేసి నాటిన సాయంత్రము మేమిద్దరము అరగంట సేపు నేల మీద కూర్చుని మాట్లాడుకున్నాము. ఎన్నాళ్లకో!

మొదటి పందిరి

తరువాత కడియపులంక నర్సరీలకు వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చేవారము. 2013 చివరికి అరవై కుండీలయ్యాయి. విశాఖ ఎండకు ఆకులు మాడి తెల్లని మచ్చలు పడుతుంటే పందిరి వేయాలనుకున్నాము.

మా శ్రీమతి తల్లిదండ్రులు తమలపాకు తోటలు చూసినవారు. అవిసె చెట్ల పలుచని నీడలో తీగ ఎలా పెరుగుతుందో ఆమెకు చిన్ననాటి నుండి తెలుసు. "నీడంటే చీకటి కాదండీ, ఎండను వడగట్టాలి" అన్నది. మేము వినలేదు. ఎంత నీడైతే అంత మంచిదని, తొంభై శాతము ఎండను ఆపే ఆకుపచ్చ నెట్ తెచ్చాము. సరుగుడు కర్రలు అడుగు లోతున పాతి, ఆరడుగుల ఎత్తున నెట్‌ను ఇనుప తీగతో బిగించి కట్టాము.

రెండు నెలలలో ఎర్రని ఆకులన్నీ పచ్చబడ్డాయి. వెలుతురు కోసం సాగి సాగి మొక్కలు వాలిపోయాయి. పందిరి మరీ తక్కువ ఎత్తు కావడముతో లోపల ఉక్క. మచ్చలు కనబడితే, వ్యవసాయము తెలిసిన ఒక పెద్ద మంచి మనసుతో మైలుతుత్తము కొట్టమన్నాడు. రాగి ఈ మొక్కలకు విషమని మాకు తెలియదు. పదకొండు మొక్కలు పోయాయి.

అంతకంటె పెద్ద నష్టము మరొకటి. మాట్లాడుకోవడానికి మొదలుపెట్టిన పని పోట్లాటకు కారణమైంది. ఎవరి మాట నెగ్గాలనే పంతము. పురుషుడు శిరస్సు అని బోధించే మేము, చెవులు కూడా శిరస్సుకే ఉన్నాయని మరిచిపోయాము.

సంఘములో కూడా గుసగుసలు మొదలయ్యాయి. "అయ్యగారు కానుక డబ్బుతో పూలమొక్కలు కొంటున్నారు" అని. సంఘపు డబ్బు ఒక్క రూపాయి ముట్టలేదు. కమిటీలో లెక్క చూపించాము. అయినను ఆ మాట మా శ్రీమతిని చాలా గాయపరచింది. ఆమె పందిరిలోకి రావడము మానేసింది. మేమొక్కరమే నీళ్లు పోసేవారము. తన పందిరి క్రింద ఒంటరిగా కూర్చున్న యోనా వంటి స్థితి అది.

ఆ ఆదివారము

2014 అక్టోబరు 12, ఆదివారము. హుద్‌హుద్ తుఫాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో విశాఖ మీదికి వచ్చింది. ఆ దినమున ఆరాధన జరుగలేదు. లోపలి గదిలో ముగ్గురము ఒకరినొకరము పట్టుకొని ప్రార్థన చేస్తూ గడిపాము.

గాలి తగ్గి బయటకు వస్తే, మా పందిరి లేదు. బిగించి కట్టిన నెట్ ఓడ తెరచాప వలె గాలిని పట్టి, కర్రలను పెరికివేసింది. నెట్ ప్రక్కింటి కొబ్బరిచెట్టుకు చుట్టుకొని ఉన్నది. కుండీలు పగిలి, మొక్కలు నలిగి మట్టిలో కలిసిపోయాయి. అక్కడ నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాము. దాచుకోవడమెందుకు, దేవుని మీద కోపము కూడా వచ్చింది.

అప్పుడే గేటు దగ్గర ఒక సహోదరుడు, భుజాన చిన్న బిడ్డతో. "అయ్యగారూ, మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి. పిల్లలను చర్చిలో పడుకోబెట్టుకోవచ్చా?"

సొరచెట్టు కోసం యోనా విచారపడినప్పుడు, లక్ష ఇరవై వేలకు మించిన జనమున్న పట్టణమును గూర్చి దేవుడు అడిగిన ప్రశ్న ఆ క్షణమున మా చెవిలో పడినట్లయింది. ఊరంతా కప్పు లేకుండా ఉంటే మేము పూలకుండీల కోసం ఏడుస్తున్నాము. ఆ రాత్రి చర్చిలో ఏడు కుటుంబములు పడుకున్నాయి. కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు. కిరోసిన్ స్టవ్ మీద మా శ్రీమతి అందరికీ గంజి కాచింది.

మరునాడు ఆమె పెరట్లో కర్రలు ఏరుతుంటే, పందిరి మళ్లీ వేద్దామంటుందేమో అనుకున్నాము. "ఈ సరుగుడు కర్రలు వాళ్లింటికి పనికొస్తాయి. మీరు ఒక కొన పట్టుకోండి" అన్నది. ఇద్దరము చెరొక కొన పట్టుకొని, పడిన చెట్లను దాటుకుంటూ ఆ కర్రలు మోశాము. ఒకే బరువును ఇద్దరము కలిసి మోయడము ఎలా ఉంటుందో మాకు ఆ దారిలోనే తెలిసింది.

రెండవ పందిరి

మిగిలిన పద్నాలుగు మొక్కలను చర్చి ఉత్తరపు వరండాలో ఉంచాము. రెండేళ్ల తరువాత, 2016లో, మళ్లీ పందిరి వేశాము. ఈసారి ముందుగా ఇద్దరము కాగితము మీద గీసుకొని, ఇద్దరికీ సమ్మతమైన తరువాతనే గుంట తవ్వాము. ఆసక్తి ఉన్నవారి కోసం వివరములు ఇస్తున్నాము.

పందిరి పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. ఎత్తు ఉంటేనే వేడి పైకి పోతుంది. కర్రలకు బదులు ఇనుప పైపులు; గుంటలు రెండడుగుల లోతు, కాంక్రీటు పోసి. నేల మీద ఇటుక ముక్కలు, కంకర పరచాము. నీళ్లు నిలువవు, కలుపు రాదు.

నెట్ యాభై శాతముది. ఏప్రిల్, మే నెలలలో దానిపైన మరొక యాభై శాతము నెట్ లాగుతాము. రెండు కలిస్తే నూరు శాతము కాదు. మొదటిది వదిలిన సగములో రెండవది సగము ఆపుతుంది గనుక డెబ్బై అయిదు శాతము నీడ. పడమటి ఎండకు ఒక ప్రక్క తెర. లేత ఆకుల గుజ్మానియాలను లోపలి వైపున, వెలుతురుకు రంగు తేరే నియోరెజీలియాలను అంచున పెట్టాము.

అన్నిటికంటె ముఖ్యమైనది, నెట్ బిగించి కట్టలేదు. జారుముడి వేసిన నైలాను త్రాళ్లతో కట్టాము. తుఫాను హెచ్చరిక వస్తే ఇద్దరము చెరొక వైపు నిలబడి పావుగంటలో చుట్టివేస్తాము. గాలి పైపుల మధ్యనుండి పోతుంది. గట్టిగా పట్టుకోవలసిన దానిని గట్టిగా పాతాలి; వదలవలసిన దానిని వదలడానికి వీలుగా కట్టాలి. సంసారమునకు కూడా ఇదే వర్తించునని మా అనుభవము.

కుండీలలో కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు, పెంకు ముక్కలు. వాన నీరు శ్రేష్ఠము. బోరు నీటి సున్నము ఆకుల మీద తెల్లగా పేరుకుంటుంది. ఎరువు మొక్క గిన్నెలో వేయరాదు. డెంగీ దోమ నిలువ నీటిలోనే పెరుగుతుంది గనుక, నాలుగైదు రోజులకొకసారి గొట్టముతో గిన్నెలను కడిగి పాత నీరు పారబోయాలి. మన ఇంటి అందము ప్రక్కింటి బిడ్డకు జ్వరము కాకూడదు గదా.

సాయంత్రము అరగంట

ఇప్పుడు సాయంత్రము అయిదున్నర నుండి ఆరు వరకు మేమిద్దరము పందిరిలో ఉంటాము. ఫోను ఇంట్లో ఉంటుంది. అత్యవసరమైతే సంఘస్థులు నేరుగా పెరట్లోకి వస్తారు, ఒక్కొక్కసారి వారు కూడా ఒక కుండీ కడిగి వెళ్తారు. లెక్క అడిగిన కమిటీ పెద్ద కూడా ఒకనాడు వచ్చి, చాలాసేపు నిలబడి, "అమ్మగారూ, మా ఇంటావిడకు ఒకటి ఇస్తారా?" అని అడిగాడు. మా శ్రీమతి ఉన్నవాటిలో మంచి పిలక ఏరి ఇచ్చింది.

ఆ నర్సు సహోదరి ఇచ్చిన తల్లి మొక్క ఏనాడో పోయింది. దాని పిలకల పిలకలు మాత్రము మా పందిరిలోనే కాదు, మా సంఘములో చాలా ఇళ్లలో ఉన్నాయి. మా చర్చిలో వివాహమైన ప్రతి జంటకు ఒక పిలక ఇస్తున్నాము. ఒక్కటే షరతు: నీళ్లు ఇద్దరూ కలిసి పోయాలి.

ప్రియ పాఠకులారా, అందరూ ఈ మొక్కలే పెంచాలని మా ఉద్దేశము కాదు. కోళ్లు కావచ్చు, కూరపాదులు కావచ్చు, పాటలు కావచ్చు. భార్యాభర్తలు కలిసి చేతులు మురికి చేసుకునే ఒక పని ఇంట్లో ఉండనివ్వండి. ముఖ్యముగా పరిచర్యలో ఉన్న సహోదరులకు మా మనవి ఇది: ఊరందరికీ నీడ కావాలని పరుగెత్తుతూ, మీ ఇంటి మొక్కను ఎండలో వదలకండి. అలాగే మీ పందిరి మీకు మాత్రమే నీడనిచ్చేది కాకుండా చూసుకోండి.

ఈ రోజు మనింట్లో ఏమి వండారో మీకు తెలుసా? తెలియకపోతే, ఈ పత్రిక ప్రక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి అడగండి.

ప్రభువు మీ కుటుంబములకు నీడగా ఉండును గాక. ఆమేన్.